పళ్ళతో వినడం

అట్-బాషీలో పొద్దున ఏడున్నరకు
మైనస్ ఇరవై ఎనిమిది.
కామాజ్ ట్రక్కు మూడోసారికి అంటుకుంది,
అంటుకున్నాక దగ్గడం మొదలుపెట్టింది.
పొగ ముందు తెలుపు, తర్వాత బూడిద,
వేడెక్కాక నలుపు.

"కనుమ ఎత్తు, అంతే" అన్నాడు డ్రైవరు తెమిర్‌కుల్.
తొరుగార్త్ మీద గాలి పలచన,
ఏ బండైనా నల్లగానే ఊదుతుందట.
పోయినవారం పట్టించిన డీజిల్లో నీళ్ళుండొచ్చట.
ఫిల్టరు కావచ్చట.
చలి కావచ్చట.
సైరాగుల్ అక్క దేన్నీ కాదనలేదు.
మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందని మాత్రం అడిగింది.
"ఆగిపోయింది."
"ఎప్పుడు?"
"నా రెండో కూతురు పుట్టిన ఏడాది."
"ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోంది?"
"బిష్కెక్‌లో నర్సు."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు.
ఆయిల్ పుల్ల లాగి నా ముక్కు కింద పెట్టింది.
శరదృతువు నుంచి చుక్క పొయ్యకపోయినా
మట్టం పెరిగిందని మురిసిపోతున్నాడు మనిషి.
వేళ్ళ మధ్య రుద్దితే జిగురు లేదు,
నీళ్ళ మజ్జిగలా జారిపోయింది. డీజిల్ కంపు.
"పెరిగింది ఆయిల్ కాదు తమ్ముడూ,
కాలకుండా కిందికి దిగిపోతున్న నీ డబ్బు."

అక్కకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం.
ముప్పై ఏళ్ళు ఇంజిన్ల పక్కన కాపురముంటే
అవి వసూలు చేసే అద్దె అది.
అందుకని పొడుగు స్క్రూడ్రైవరు మొన
ఇంజెక్టరు మీద ఆనించి
చెక్క పిడిని పళ్ళతో కరిచిపట్టి
కళ్ళు మూసుకుంటుంది.
చప్పుడు దవడ ఎముక వెంబడి నడిచొస్తుందట
చెవి గడప తొక్కకుండా.

"పానా తీసుకో" అంది.
ఒక్కో గొట్టం నట్టూ అరచుట్టు వదలాలి, మళ్ళీ బిగించాలి.
మొదటిది వదిలితే ఇంజిన్ తూలింది, బిగిస్తే తేరుకుంది.
రెండోదీ అంతే. ఐదు దాకా అంతే.
ఆరోది వదిలాను.
ఏమీ కాలేదు.
డీజిల్ నా వేళ్ళ మీద చిమ్ముతోంది,
ఇంజిన్‌కు ఆ సంగతే పట్టలేదు,
పంక్తిలోంచి ఒకరు లేచిపోయినా
వడ్డన ఆగని ఇంట్లోలా.

విప్పి, చేతిపంపుకు తగిలించాం.
బాగున్న నాజిల్ కిర్రుమని అరిచి
పొగమంచులా విచ్చుకోవాలి.
ఇది అరవలేదు.
మొన దగ్గర ఒక చుక్క కట్టింది,
కాసేపు ఆలోచించింది,
రాలింది.

"దొంగ దొరికాడు" అన్నాను.
"ఉండు" అంది. మిగతా ఏడూ విప్పమంది.

ఒకటి పక్కకి ఉమ్మింది.
ఒకటి దారంలా కారింది.
ఒకటి అరిచింది గానీ అప్పటికే సగం ఒలికింది.
అన్నీ కలిసే అరిగాయి, రోజుకు వెంట్రుకవాసి కూడా కాకుండా.
అందుకే ఆ సీట్లోనే కూర్చున్నవాడికి వినబడలేదు.
ఒకటి చచ్చిపోతేగానీ
మిగతావి ముసలివని తెలియలేదు.

అతని దగ్గర నాలుగింటికే సొమ్ముంది.
నాలుగు కొత్తవి బిగించాం.
పాతవాటిలో కాస్త మెరుగైన నాలుగింటికి
మొనలు నూరి, స్ప్రింగు మీద పల్చటి బిళ్ళలు వేసి
పంపు మీద మళ్ళీ అరిపించింది అక్క.
"వేసవి దాకా" అంది.
"ఏ వేసవి?" అన్నాడు తెమిర్‌కుల్.
అక్కకు వినబడలేదు.
చెవుడు ఒక్కోసారి పనికొస్తుంది.

ట్రక్కు వెళ్ళాక మంచు మీద మసి చూశాను.
పొద్దుటి మరక చాపంత,
ఇప్పటిది చాయ్ గిన్నె అంత.
పూర్తిగా పోలేదు.

అక్క లోపల పొయ్యి రాజేస్తుంటే
స్క్రూడ్రైవరు తీసి పంటికింద పెట్టుకున్నాను, ఊరికే.
ఇనుము వాసన, ఉప్పు రుచి.
పిడి నిండా ఆమె పళ్ళ గుంటలు.
ఎటు తిప్పి కరిచినా
నా పళ్ళు వాటిలో కూర్చోలేదు.